ఆయన లాడ్జి పెట్టిన ఏడాది

మా ఆయన లాడ్జి పెడుతున్నాడని తెలిసి మా ఆడపడుచు వర్ధన్నపేట నుంచి ఫోన్ చేసింది. "ఏంది వదినా, మంచిగ నడుస్తున్న మిర్చి అడ్తి ఇడిసిపెట్టి, అన్న రూములు కిరాయికిస్తడా?" అని అడిగింది. ఆమె తప్పేం లేదు. మా దగ్గర లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా ఉండే లాడ్జే. హనుమకొండలో ఈయన హాలు కోసం తిరుగుతుంటే ఒక ఇంటాయన ఆ మాట వినగానే, "ఫ్యామిలీలుండే గల్లీ సార్ ఇది" అని తలుపు వేసుకున్నాడు.

అది ఫ్రీమేసన్ల లాడ్జి. తాపీ మేస్త్రీల పనిముట్లను గుర్తుగా పెట్టుకుని, ఒకరినొకరు బ్రదర్ అని పిలుచుకునే మగవాళ్ల సంఘం. దేవుణ్ని నమ్మాలి, ఏ దేవుడని మాత్రం అడగరు. లోపల జరిగేది బయట చెప్పరు. ఆడవాళ్లను చేర్చుకోరు.

ఆయన అందులోకి వెళ్లింది తమ్ముడు పోయిన తర్వాత. నెక్కొండ రోడ్డు మీద బండి ప్రమాదంలో నా మరిది చనిపోయాడు. ఎనుమాముల మార్కెట్లో అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపిన అడ్తి కమీషన్ దుకాణంలో ఈయన ఒక్కడే మిగిలాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చేవాడు. తెలిసిన వ్యాపారి ఒకాయన ఈయన్ని హైదరాబాద్‌లో తమ లాడ్జికి తీసుకెళ్లి చేర్పించాడు. తిరిగి వచ్చిన రోజు చెప్పులు విప్పుతూనే, "ఆడ అందరు నన్ను బ్రదర్ అని పిలుస్తాండ్రే" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఆ పూట మాత్రం కడుపు నిండా తిన్నాడు.

కొన్నేళ్లు రైల్లో వెళ్లి వచ్చాడు. తర్వాత వరంగల్లోనే ఒకటి పెట్టాలన్న పట్టుదల మొదలైంది. పక్క వీధిలో పళ్ల డాక్టరు ఆయనకు తోడయ్యాడు. ఇద్దరూ బ్యాంకు వాళ్లను, లెక్చరర్లను, బట్టల దుకాణం వాళ్లను కలిశారు. కొందరు నవ్వారు, కొందరు లోపల పుర్రెలు పెట్టి పూజలు చేస్తారట కదా అన్నారు. చివరికి కావలసినంత మంది కుదిరారు, పైవాళ్ల అనుమతి వచ్చింది, విత్తనాల దుకాణం పైన హాలు దొరికింది. లాడ్జి పెద్దగా, అంటే మొదటి మాస్టర్‌గా, ఆయన్నే ఎన్నుకున్నారు.

సభలో మాస్టర్ చెప్పవలసినదంతా ఇంగ్లీషులో, చూడకుండా చెప్పాలి. ఆయన తెలుగు మీడియంలో చదివిన మనిషి. నేను బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. తెల్లవారుజామున డాబా మీద తిరుగుతూ బట్టీ పట్టేవాడు. పలకడం రాని మాట వస్తే కిందికి దిగి, "గీ మాట ఎట్ల పలకాలె?" అని ఒక్క మాటే అడిగేవాడు. రహస్యం పొక్కకూడదని ముందుదీ వెనుకదీ చెప్పేవాడు కాదు. కానీ డాబా మీది గొంతు వంటింటి కిటికీలోంచి వినపడేది. ఆయనకంటే ముందే నాకు అంతా వచ్చేసింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ మాటలు ఇక్కడా రాయడం లేదు.

లాడ్జి మొదలుపెట్టిన రోజు హైదరాబాద్ నుంచి పెద్దలు వచ్చారు. మా ఆడవాళ్లందరినీ పక్కన భోజనాల గదిలో కూర్చోబెట్టారు. మూసిన తలుపు ముందు ఒకాయన కత్తి పట్టుకుని కాపలాగా నిలబడ్డాడు. కాసేపటికి మా ఆయన గొంతు వినిపించింది. బాగా చెబుతున్నాడు. సగంలో ఆగింది. తర్వాతి మాట నా నోట్లోనే ఉంది. నేను చీర కొంగు పట్టుకుని కూర్చున్నాను. లోపల ఎవరో అందించారు, మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం ఎర్రగా ఉంది. "ఉక్కపోసిందే" అన్నాడు. బెదురనుకున్నాను.

బెదురు కాదు. కొన్నాళ్లకు రైతుకు చెప్పిన ధర ఆ రైతుకే మళ్లీ వేరేగా చెప్పాడు. ఒక సాయంత్రం ఆటో ఎక్కి ఇల్లెక్కడో చెప్పలేకపోయాడు. హైదరాబాద్‌లో దవాఖానకు తీసుకెళితే, మరుపు జబ్బు, తగ్గదు అన్నారు.

లాడ్జిలో ఆయన్ని కుర్చీ దించలేదు. ఆ ఏడాదంతా పళ్ల డాక్టరు పక్కన నిలబడి ఒక్కో మాటా అందించాడట. లాడ్జి తరఫున మార్కెట్ యార్డులో హమాలీలకు మంచినీళ్లు పెట్టించారు, వర్ధన్నపేటలో కంటి పరీక్షలు చేయించారు. అన్నిటికీ ఆయన్ని ముందు నిలబెట్టి తీసుకెళ్లేవాళ్లు. "ఫికర్ చేయకుండ్రి వదినా, మేమున్నం" అనేవాడు డాక్టరు. ఏడాది తిరిగాక కొత్త మాస్టర్ వచ్చాడు. ఈయన ఇంట్లో ఉండిపోయాడు.

ఒక మధ్యాహ్నం నేను చాయ్ తీసుకుని వెళ్లేసరికి, లాడ్జికి వేసుకెళ్లే నల్ల కోటు వేసుకుని కుర్చీలన్నీ గోడల పక్కకు జరుపుతున్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు.

"అమ్మా, మీరు జర బయట కూసోండ్రి. మా బ్రదర్స్ వస్తాండ్రు. బయటోళ్లు ఉండొద్దు, ఏమనుకోకుండ్రి."

ఆయన నన్ను మీరు అనడం అదే మొదలు. సరేనని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఒక్కడే మొదలుపెట్టాడు. ఎంతో చక్కగా చెప్పుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు. అదే మాటను మళ్లీ మళ్లీ అంటూ వెతుక్కుంటున్నాడు. నేను వినలేకపోయాను. తర్వాతి మాట అందించాను.

తలుపు తెరుచుకుంది. ఆయన గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీకెట్ల తెలుసు? ఎవరు చెప్పిండ్రు మీకు?"

"నేనండీ. మీరు డాబా మీద చదువుతుంటే విన్న."

"మీరెవరో నాకు తెల్వదు" అని తలుపు గొళ్లెం పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి నేను గదిలో ఉంటే ఆయన పెదవి కదిపేవాడు కాదు. ఆయన్ని చూసుకోవడానికి పెట్టిన ఆయాతోనే అన్నం తినిపించుకునేవాడు. డాక్టరు వస్తే ఆయన చెవిలో, "ఆమెను పంపియ్యి" అనేవాడు. డాక్టరు తల దించుకునేవాడు.

మొన్నటి వానాకాలంలో మా ఆయన పోయాడు. లాడ్జి వాళ్లంతా తెల్ల గ్లౌజులతో వచ్చి పాడె మోశారు.

ఇప్పుడు లాడ్జి నడుస్తోంది, కొత్తవాళ్లు చేరుతున్నారు. డాక్టరు ఆదివారం పూట వచ్చి కూర్చుంటాడు. పోయిన వారం అంగడి సంగతులు ఏవో మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. "వదినా, అన్న ఆఖర్ల నన్ను గూడ గుర్తుపట్టలే" అన్నాడు. ఇంతకాలం ఆ మాట నాకు చెప్పలేదు. నేను లోపలికి వెళ్లి ఇద్దరికీ చాయ్ పెట్టుకొచ్చాను.