కింద ఊళ్లో నేను కొట్టిన డప్పు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక అబద్ధం. పెద్దదేమీ కాదు. రెండే రెండు మాటలు. "లేదు, మేడం." మా ఆవిడకు దీని సంగతి తెలియదు. నాతో చదువుకున్నవాళ్లకు తెలియదు. తెలియాల్సిన మనిషికి అసలే తెలియదు. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

ఏడుపు కథ అనుకుని పక్కన పెట్టేయకండి. నిజానికి నా జీవితంలో అంత హాయిగా గడిచిన రోజులు వేరే లేవు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. అదే నా చిక్కు. తప్పు చేసినవాడు ఆ రోజుల్ని తలుచుకుని కుమిలిపోవాలి కదా? నేనేమో నవ్వుకుంటాను, ఆ తర్వాత ఆ రెండు మాటలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది, కాసేపయ్యాక మళ్లీ నవ్వుకుంటాను. ఇలాంటివాడి పశ్చాత్తాపాన్ని ఎవరు నమ్ముతారు?

నేను ఫిజియోథెరపిస్టుని. విజయనగరం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాను. చదువు ముగించిన కొత్తలో విశాఖపట్నంలోని ఒక డాక్టరమ్మ దగ్గర పరిశోధన పనికి కుదిరాను. పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయినవాళ్లను తిరిగి నడిపించడం ఆవిడ పని. మేమంతా మేడం అనేవాళ్లం. నేనూ అలాగే అంటాను, పేరెందుకు?

ఒకసారి మేడం అరకు వెళ్లినప్పుడు అక్కడి కొండ ఊళ్లవాళ్ల ఆట, థింసా చూశారట. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, వరసగా నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచుతూ, డప్పుకి తగ్గట్టు అడుగులేస్తున్నారు. బరువును ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి మార్చడం, తూలకుండా నిలబడడం, పక్కమనిషి ఆసరాతో ముందుకు కదలడం. మేం ఆసుపత్రిలో నెలల తరబడి బతిమాలి నేర్పేదంతా అందులో ఉంది. దీన్నే వైద్యంగా వాడితే ఎలా ఉంటుంది? మేడంకి వచ్చిన ఆలోచన అది. చాలా మంచి ఆలోచన అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

హుకుంపేట వైపు రెండు ఊళ్లు తీసుకున్నారు. వాటిని పై ఊరు, కింద ఊరు అంటాను. చీటీ వేశారు. పై ఊళ్లో పక్షవాతం వచ్చినవాళ్లకు వ్యాయామాలతో పాటు థింసా, కింద ఊళ్లో వ్యాయామాలు మాత్రమే. చివర్లో రెండు ఊళ్లవాళ్ల నడకా కొలిచి పోల్చి చూస్తారు. పై ఊరివాళ్లు బాగా నడిస్తే ఆ గొప్ప థింసాది. అలా తేలితే ముంచింగిపుట్టు నుంచి మారేడుమిల్లి దాకా కొండల్లో ఉన్నవాళ్లందరికీ ఈ వైద్యం అందించాలని మేడం కోరిక. కింద ఊళ్లో రోగుల చేత ఆట ఆడించకూడదు. నాకు చెప్పిన ముఖ్యమైన జాగ్రత్త అదొక్కటే.

పై ఊరి పని వేరేవాళ్లు చూసేవారు. నాకు కింద ఊరు వచ్చింది. ప్రతి సంత రోజూ వెళ్లేవాణ్ని. ఊరంతా హుకుంపేట సంతకి పోతే, నడవలేనివాళ్లూ వాళ్లను చూసుకునే ఆడవాళ్లూ ఇళ్ల దగ్గర మిగిలేవారు. అందరినీ బడి వరండాలోకి చేర్చి వ్యాయామాలు చేయించేవాణ్ని. కాలు ఎత్తండి, దించండి. కూర్చోండి, లేవండి. చెబుతున్న నాకే ఆవులింతలు వచ్చేవి.

వాళ్లలో సుక్రి అనే ఆవిడ ఉండేది. కాఫీ తోట పని చేసే మనిషి. ఎడమ పక్క పడిపోయింది. ఆవిడ కోరిక ఒక్కటే, ఇంటి వెనక ఏటవాలుగా ఉన్న తన తోటలోకి మళ్లీ ఎక్కి వెళ్లాలి. నోరు మాత్రం ఏ పక్కా పడిపోలేదు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడవమంటే నన్ను ఎగాదిగా చూసింది.

"అటెల్లి మల్లీ ఇటే రావాలా? అటేటున్నాది బావూ?"

ఏమీ లేదన్నాను.

"మరెందుకెల్లడం?"

నాలుగేళ్లు చదివినా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మేడం లెక్కలో ఆ రెండు ఊళ్లూ దూరం. జీపులో వెళ్తే కొండ చుట్టూ తిరిగి వెళ్లాలి మరి. కానీ కొండ మీదుగా కాలిదారి ఉంది. కింద ఊరి కోడళ్లలో సగం మంది పై ఊరి ఆడపిల్లలే. మేం రోడ్డు చూసుకున్నాం, వియ్యాలు చూసుకోలేదు. ఒక సంత రోజు పై ఊరి ఆడవాళ్లు కొందరు తమ పిల్లల్ని చూడ్డానికి కొండ దిగి వచ్చారు. వాళ్ల ఊళ్లో పక్షవాతానికి ఆట ఆడిస్తున్నారని గొప్పగా చెప్పారు. చీటీలో అలా వచ్చిందని నేను సర్దిచెప్పబోతే సుక్రి నా వైపు తిరిగింది.

"ఆలకి ఆటా, మాకేమో ఈ సాగదీతా? మా ఆట మమ్మల్ని ఆడొద్దని సీటీ సెప్పిందేటి?"

చుట్టాలు వస్తే ఆటకి వరస కట్టకుండా పంపరు అక్కడ. వరస కడితే అందులోంచి ఎవరినీ వదలరు. సుక్రినీ మిగతా ఇద్దరు ముగ్గురినీ లేపి మధ్యలో పెట్టి, అటూ ఇటూ గట్టి మనుషులు పట్టుకున్నారు. అంతా సిద్ధం. డప్పు కొట్టేవాళ్లే లేరు. మగవాళ్లంతా సంతలో ఉన్నారు. డప్పు మాత్రం వరండా స్తంభానికి వేలాడుతోంది.

నేను అప్పుడు ఏం చేయాలి? "వద్దమ్మా, ఇది నియమానికి విరుద్ధం" అనాలి. చదువుకున్నవాణ్ని, జీతం తీసుకుంటున్నవాణ్ని. ఊరికే చేతులు కట్టుకుని నిలబడ్డా సరిపోయేది, డప్పు లేకపోతే నాలుగు అడుగులేసి విసుగొచ్చి కూర్చునేవారు. నేనేమో వెళ్లి డప్పు తీశాను. చిన్నప్పుడు మా ఊళ్లో అమ్మవారి పండక్కి డప్పులవాళ్ల వెంట పడి నేర్చుకున్న విద్య అది. అందుకు మా నాన్న నా వీపు మీద వేసిన దరువు కూడా బాగానే గుర్తుంది. ఎండకు కాగి డప్పు బిగుసుకుని ఉంది. ఒక్క దెబ్బ వేసేసరికి చేతులు వాటంతటవే ఆడాయి.

మొదట్లో నా వాయింపుకి వాళ్లు పడీ పడీ నవ్వారు. "ఇదేటి పెల్లి డప్పా, సావు డప్పా బావూ?" అన్నారు. తర్వాత నోటితో చెప్పి సరిచేశారు. ఇంకో సంత రోజుకి కుదిరింది. ఆ తర్వాత నేను జీపు దిగగానే డప్పు నా చేతికి ఇచ్చేవారు. కాసేపు నా వ్యాయామాలు చేసేవారు, నన్ను నొప్పించడం ఎందుకని. మిగతాదంతా ఆటే. పడిపోయిన కాలు ఈడ్చుకుంటూ మొదలైన సుక్రి, కొన్నాళ్లకు ఆ కాలు నేల మీంచి లేపింది. లేపి, అందరూ చూశారో లేదోనని తనే చుట్టూ చూసుకుంది. నాకు ఎంత సంతోషమేసిందో! ఆ రోజు తిరుగు దారంతా జీపు అంచు మీద దరువు వేస్తూనే ఉన్నాను, డ్రైవరు ఇక ఆపమని దండం పెట్టేదాకా.

అప్పుడు తప్పనిపించలేదా? అనిపించింది. వచ్చే వారం చెబుదాం అనుకునేవాణ్ని. వచ్చే వారం డప్పు కొట్టేవాణ్ని. నేను లేకపోయినా వాళ్లు ఎలాగూ ఆడేవారే అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. అది నిజం కాదని నాకు తెలుసు.

నడక కొలిచే రోజు మేడం స్వయంగా వచ్చారు. ముందు వారమే నేను సుక్రితో, మిగతావాళ్లతో చెప్పాను, ఆట సంగతి మేడంతో అనకండని. సుక్రికి అది నచ్చలేదు. "ఆడితే ఆడినామని సెప్పీడానికి ఏటి బావూ బయం? మనమేటి దొంగతనం సేసీసినామా?" అంది. నా ఉద్యోగం పోతుందని చెప్పాను. అప్పుడు ఊరుకుంది. నా కోసం ఊరుకుంది. దాపరికం అలవాటు లేని మనుషుల చేత దాచిపెట్టించాను. అబద్ధం కంటే ఇదే పెద్దదేమో, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలడం లేదు.

వరండాలో వాళ్లు నడవడం మొదలుపెట్టారు. నోళ్లు మూసుకున్నారు సరే, కాళ్ల మాటేమిటి? రెండడుగులేసి మోకాలు చిన్నగా వంచుతున్నారు. సుక్రి అయితే చివరిదాకా వెళ్లి, వరస తిరిగినట్టే తిరిగి, నన్ను చూసి ఓ నవ్వు పడేసింది. మేడం టేపు పట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో అడిగారు.

"పై ఊరివాళ్లూ వీళ్లూ సమానంగా నడుస్తున్నారు. కింద ఊళ్లో ఆట ఏమైనా ఆడారా?"

"లేదు, మేడం."

"ఖాయంగానా?"

"వ్యాయామాలే, మేడం. నేనే దగ్గరుండి చేయించాను."

చూశారా, రెండే మాటలని మొదట్లో మీకు చెప్పాను. ఒప్పుకునేటప్పుడు కూడా తగ్గించి చెప్పే బుద్ధి నాది. రెండోసారి అడిగినప్పుడు నిజం చెప్పడానికి చోటు దొరికింది. దాన్ని ఇంకో అబద్ధంతో పూడ్చేశాను. ఎందుకు? ఉద్యోగం ఒకటి. పైచదువుకి సిఫార్సు చేస్తానని ఆవిడ అప్పటికే మాటిచ్చి ఉన్నారు, అదొకటి. ఇవి కాక ఇంకో కారణం ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆవిడ నన్ను మంచివాడు అనుకుంటున్నారు. ఆ మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మేడం నా మాట నమ్మారు. థింసా వల్ల మామూలు వ్యాయామం కంటే ఎక్కువ మేలేమీ కనబడలేదని రాసేశారు. తర్వాత పై ఊరు వెళ్లి, వాళ్లందరినీ కూర్చోబెట్టి తనే చెప్పారు, ఆట మంచిదేననీ, వైద్యంగా గొప్పదని తాను ఊహించింది మాత్రం తప్పనీ. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వాళ్లు నవ్వారు. ఆటకి మందేమిటని మొదటి నుంచీ వాళ్లకి వింతే. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. కొండ మీద విడిగా ఉన్న ఇంటి నుంచి జీపులో వచ్చి, అప్పుడప్పుడే సొంతంగా నిలబడుతున్నవాడు. "అయితే బండి రాదా?" అని అడిగాడు. రాదు. ఆయన ఆ తర్వాత నడిచాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒక్కసారి కూడా కొండెక్కలేదు. ముంచింగిపుట్టూ లేదు, మారేడుమిల్లీ లేదు. నాకు మాత్రం సిఫార్సు వచ్చింది.

ఇప్పుడు నాకు సొంత క్లినిక్ ఉంది. పేరుంది. పక్షవాతం వచ్చినవాళ్లను పాటలు పెట్టి నడిపిస్తాను, వాళ్లు నవ్వుతూ నడుస్తారు. ఆ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే అనుభవం అంటాను. సుక్రి తోటలోకి ఎక్కుతోందని అటు వెళ్లినవాళ్లు చెప్పారు. గుమ్మడికాయ కూడా పంపింది ఒకసారి. ఆ కూర తృప్తిగా తిన్నాను. మీతో దాపరికం ఎందుకు?

ఈమధ్య ఒక సభలో మేడం కుర్ర డాక్టర్లతో మాట్లాడుతుంటే నేనూ వెళ్లాను. జుట్టు నెరిసింది, హుషారు తగ్గలేదు. పరిశోధకుడికి ఉండాల్సిన నిజాయితీ గురించి చెబుతూ, ఉదాహరణగా ఆ రెండు ఊళ్ల కథ ఎత్తుకున్నారు. "నాకు ప్రాణమైన ఊహ. అయినా తప్పని తేలింది, వదిలేశాను" అన్నారు నవ్వుతూ. అంతటితో ఆగితే బాగుండేది. "అదిగో, ఆ కొండలన్నీ తిరిగి పని చేసింది అతనే" అని నన్ను చూపించారు. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. నేను సగం లేచి నమస్కారం పెట్టాను. చూడండి, అప్పుడు కూడా లేచాను, నమస్కారం పెట్టాను, కూర్చున్నాను.

ఆవిడ ఊహ తప్పని తేలలేదు. ఒప్పని కూడా తేలలేదు. రెండు ఊళ్లూ ఆడాయి కాబట్టి ఎవరికీ ఏదీ తేలలేదు. తేలకుండా చేసినవాణ్ని నేను. ఆడించినందుకు బాధపడమంటే ఇప్పటికీ పడలేను. సుక్రి కాలు లేపినప్పటి ముఖం గుర్తొస్తే ఇంకోసారి కూడా ఆ డప్పు తీస్తాను. కానీ ఆ సాయంత్రం జీపులోనే చెప్పేసి ఉంటే? తిట్టేవారు. తర్వాత ఇంకో రెండు ఊళ్లు చూసుకుని మళ్లీ మొదలుపెట్టేవారు, అలాంటి మనిషి ఆవిడ. అక్కడ ఆవిడ ఊహ ఒప్పని తేలి, వైద్యం కొండలన్నిటికీ వెళ్లి ఉంటే, ఆ పెద్దాయన ఇంటి దగ్గర కూడా బండి మళ్లీ ఆగేది.

మేడంకి చెబుతానా? తెలియదు. చెప్పినా ఆవిడ పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి రావు, చెప్పకపోతే ఆ కథ ఇంకెంతమంది కుర్రాళ్లకు చెబుతారో. ఇది రాయడం పూర్తయితే ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. బల్ల మీద వేళ్లు వాటంతటవే దరువేస్తున్నాయి. ఆ ప్రశ్నకి అసలైన జవాబు ఒక్కసారైనా రాసి చూసుకోవాలని ఉంది.

కింద ఊళ్లో ఆట ఏమైనా ఆడారా?

ఆడారు, మేడం. ప్రతి సంత రోజూ ఆడారు. డప్పు నేనే కొట్టాను.