దండెం మీద డేగ

నా భార్య చూసిన డేగను వాళ్ళు లెక్కలోంచి కొట్టేశారు. గద్ద అయి ఉంటుందని ఒక్క ముక్క రాసి పక్కన పెట్టేశారు. తర్వాత ఆవిడ పోయింది. ఆ ముక్క మాత్రం అలాగే ఉండిపోయింది.

వాళ్ళంటే, ఈ దేశంలో ఇళ్ళ తోటల్లో కనబడే పక్షుల లెక్క రాసే ఒక సంఘం. చలికాలం వస్తే జనం తమ పెరట్లో ఏ పక్షిని చూశారో పంపుతారు. వీళ్ళు సరిచూసి ఎక్కించుకుంటారు. జీతాలు లేని పని, మంచి పనే, కాదనను. కానీ చూసిన మనిషిని చూడలేదనడానికి జీతం లేకపోవడం సాకు కాదు.

మేముండేది ఆక్లాండ్ శివారు టకానినిలో, మా అమ్మాయి కొనుక్కున్న ఇంట్లో. మేం దిగిన కొత్తలో కంచె వెనక గుర్రాలు మేసే మైదానం ఉండేది. ఇప్పుడందులో సగం ఇళ్ళయిపోయాయి. మిగిలిన సగం మీద ఒక గద్ద తిరుగుతూ ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని కాహు అంటారు. రెక్కలు కాస్త పైకెత్తి, ఏ తొందరా లేకుండా, కారు కింద పడి చచ్చిన కుందేలు ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంటుంది.

అది కనబడిందంటే మా ఆవిడ చేతిలో ఏమున్నా కింద పెట్టి రెండు చేతులూ జోడించేది. మా గోదావరి జిల్లాలో తెల్లమెడ గరుడ పక్షి కనబడితే ఆగి దణ్ణం పెట్టుకుని చెంపలు తాకడం అలవాటు. నడిరోడ్డు మీద సైకిలు దిగి మరీ పెట్టేవాళ్ళను చూశాను. ఇక్కడ గరుడ పక్షులుండవే, ఇది వట్టి గద్ద అని నేను ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

"దణ్ణం ఎవరికి చేరాలో వాళ్ళకే చేరుతుంది లెండి. మధ్యలో మీరెందుకు?" అనేది.

గద్దల సంగతి నాకు చెప్పడమేమిటని నా పొగరు. ఏడో తరగతితో చదువు ఆగిపోయినవాణ్ణి. కరెంటు ఆఫీసులో హెల్పరుగా చేరి లైన్‌మన్‌గా దిగిపోయాను. గద్దలు ఇనప తీగ ముక్కలు ఏరుకొచ్చి స్తంభాల మీద గూళ్ళు కట్టేవి. వాన పడితే ఆ తీగ ముక్కలు రెండు లైన్లకూ తగిలి ఊరంతా చీకటి. ఆ గూళ్ళు తీయడం నా పని. నెత్తి మీద గద్ద గోళ్ళు దిగిన మచ్చ ఇప్పటికీ చేతికి తగులుతుంది. మిగతా చదువంతా సబ్‌స్టేషన్‌లో డ్యూటీ లేని వేళల్లో పాత పత్రికలూ, లైబ్రరీ పుస్తకాలూ తెచ్చుకుని నేనే చదువుకున్నాను. అలా సొంతంగా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలిసింది ఇంకొకరికి తెలియదనుకుంటాడు.

చివరి ఏడాది మా ఆవిడకు గుండె బలహీనమై కాళ్ళు నీరు పట్టేవి. వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేశాం. పొద్దు పోవడానికి అమ్మాయి ఒక నోటుపుస్తకం కొనిచ్చి, కనబడిన పక్షినల్లా రాయమంది. పేర్లు తెలియకపోతే ఆవిడే పెట్టుకునేది. తోక విసనకర్రలా విప్పేది 'విసనకర్ర పిట్ట'. నీలం ఒళ్ళూ ఎర్ర ముక్కూ ఉండి పొడుగు కాళ్ళతో కంచె కింద తిరిగేది 'కొత్త పెళ్ళికూతురు'.

జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, ఒక ఉదయం నేను హాల్లో కూర్చుని ఫోన్‌లో పేపరు చదువుతున్నాను. వంటింట్లోంచి మెల్లగా, "ఏమండీ, ఒకసారి రండి" అంది. వస్తున్నానన్నాను. సంపాదకీయం సగంలో ఉంది. మళ్ళీ పిలిచింది, ఇంకా మెల్లగా. అంత మెల్లగా ఎందుకు పిలుస్తోందో అప్పుడు ఆలోచించలేదు. చదవడం పూర్తి చేసి వెళ్ళేసరికి పెరట్లో ఏమీ లేదు. విప్పిన గొడుగులా ఉండి గుండ్రంగా తిరిగే బట్టల దండెం మాత్రం ఇంకా కొద్దిగా ఊగుతోంది. దాని కింద గడ్డిలో గోరింక ఈకలు చెదిరి ఉన్నాయి.

డేగ వచ్చిందని చెప్పింది. గోరింకను గాలిలోనే పట్టి, తెచ్చి దండెం కంబి మీద కూర్చుని తిన్నదట. అది పక్కింటి పిల్లి పని అన్నాను. కాదు, రెక్కలున్న పిల్లి నేనెప్పుడూ చూడలేదు అంది. అయితే గద్ద అన్నాను. గద్ద కాదంది. కళ్ళజోడు మార్చాలి నీకు అన్నాను. ఫోను ఆవిడ మోచేతి పక్కనే బల్ల మీద ఉంది. అది చూపించి, ఒక్క ఫోటో తీయకపోయావా అని అడిగాను.

"దణ్ణం పెట్టుకుంటున్నానండీ," అంది. "కదిలితే ఎగిరిపోతుందేమోనని చేతులు విప్పలేదు."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది.

సాయంత్రం సిటీ నుంచి రైల్లో వచ్చిన అమ్మాయి తల్లి మాట విని, సంఘంవాళ్ళ ఫారం తన ఫోన్‌లోనే నింపింది. చూసినవారి అనుభవం ఎంత అని అందులో ఒక గడి. అమ్మాయి 'కొత్తవారు' అని నొక్కింది. పుట్టింటి వాకిట్లో కోడిపిల్లల దగ్గర కర్ర పట్టుకుని కూర్చుని, గద్ద నీడ ఏది, డేగ నీడ ఏది అని చెప్పగలిగేలా పెరిగిన మనిషి కొత్తవారట.

వారానికి జవాబు వచ్చింది. ఆక్లాండ్ ఇళ్ళ మధ్యకు డేగ రావడం బాగా అరుదు, ఇది గద్ద అయి ఉండవచ్చు, ఫోటో లేనందున నమోదు చేయలేం అని. అమ్మాయి చదివి వినిపించింది. నేను చూడు, చెప్పలా అన్నాను.

మా ఆవిడ నోటుపుస్తకం మూసి బియ్యం డబ్బా పైన పెట్టింది. ఆ తర్వాత అందులో ఒక్క పక్షిని కూడా రాయలేదు. కిటికీ దగ్గర కూర్చునేది, చూసేది. రాసేది కాదు. మార్చిలో పోయింది.

కర్మలన్నీ అయ్యాక ఒకరోజు బియ్యం డబ్బా దించుతుంటే పుస్తకం చేతికి తగిలింది. చివర రాసిన పేజీ తీశాను. గుండ్రటి అక్షరాలు, మొదట్లో సూటిగా, తర్వాత కిందికి జారుతూ.

'ఇక్కడి నల్లా తెల్లా కాకి అంత ఉంది, అంతకన్నా పెద్దది కాదు. రొమ్ము మీద గోధుమరంగు గీతలు. ముందు ఈకలు పీకింది, తర్వాత తిన్నది. కంటి కింద నల్లగా, ఏడిస్తే కాటుక కారినట్టు. ఆయన్ని పిలిచాను. రాలేదు.'

మర్నాడు బస్సెక్కి లైబ్రరీకి వెళ్ళాను. పక్షుల పుస్తకం తీసి, నిఘంటువు పక్కన పెట్టుకుని, గద్ద పేజీ, డేగ పేజీ రెండూ చదివాను. గద్ద పెద్దది. డేగ చిన్నది. దాని కంటి కింద నుంచి దవడ దాకా నల్లటి చార. బొమ్మలో చూశాను. కాటుక కారినట్టే ఉంది. ఆవిడ ఆ పుస్తకం జన్మలో చూడలేదు, చూసినా ఇంగ్లీషు చదవలేదు. ఆ చార దండెం మీద తప్ప ఆవిడకు ఇంకెక్కడ కనబడుతుంది?

లైబ్రరీలోనే కూర్చుని మొదటి ఉత్తరం రాశాను. అమ్మాయి ఇంగ్లీషు దిద్దుతానంటే వద్దన్నాను. జవాబుగా యంత్రం పంపే రెండు లైన్లు వచ్చాయి. రెండో ఉత్తరానికి, ఫోటో గానీ రెండో సాక్షి గానీ ఉంటే మళ్ళీ పరిశీలిస్తామని. రెండో సాక్షి. ఆ మాట చదివి పుస్తకంలో చివరి వాక్యం మళ్ళీ చూసుకున్నాను. ఆ సాక్షి హాల్లో పేపరు చదువుకుంటున్నాడు.

ఆ చలికాలమంతా ఆవిడ కుర్చీలో కూర్చున్నాను, ఫోను చేతిలో పట్టుకుని. గోరింకలు వచ్చాయి, విసనకర్ర పిట్ట వచ్చింది. దూరంగా కాహు తిరిగింది. డేగ రాలేదు. ఆ మరుసటి చలికాలంలోనూ రాలేదు. అమ్మాయి ఒకరోజు నా భుజం మీద చెయ్యి వేసి, "నాన్నా, అమ్మకి ఇప్పుడు అదంతా ఏం కావాలి?" అంది. అమ్మకి కాదే, నాకు కావాలి అన్నాను.

మూడో ఉత్తరంలో వాదన మానేశాను. పేజీని నాకు వచ్చిన ఇంగ్లీషులోకి మార్చి, ఆవిడ రాతను ఫోటో తీసి జత చేశాను. తెల్లమెడ పక్షికి మేం ఎందుకు దణ్ణం పెడతామో, ఫోను పక్కనే ఉన్నా ఫోటో ఎందుకు లేదో రాశాను. ఈవిడను మొదట నమ్మనివాణ్ణి నేను, మీరు రెండోవాళ్ళు, నా తప్పు దిద్దుకునే దారి నాకిక లేదు, మీకుంది అని రాశాను. రెండు నెలలు ఏమీ రాలేదు. మొన్న కవరు వచ్చింది, చేత్తో రాసిన ఉత్తరం. అక్షరాల వణుకు చూస్తే రాసినవారిదీ నా వయసే అనిపించింది. తెలుగులో ఇలా వస్తుంది:

"అయ్యా, మీ భార్యగారి పేజీ మేం నలుగురం చదివాం. కాటుక గీత గురించి రాసినవారు డేగను చూసే ఉంటారని నా సొంత నమ్మకం. కానీ ఫోటో లేనిదాన్ని ధ్రువపడినట్టు రాయడానికి మా నియమం ఒప్పుకోదు, అందుకు చింతిస్తున్నాను. కొట్టేసినదాన్ని మాత్రం తిరిగి ఎక్కించాను, ధ్రువపడనివి అనే వరుసలో, ఆవిడ పేరుతో. అనుభవం అన్న గడిలో 'చిన్ననాటి నుంచి' అని మార్చాను. ఫోటో ఎందుకు లేదో రాయడానికి మా ఫారంలో ఒక గడి ఉంది, అందరూ ఖాళీగా వదిలేస్తారు. అందులో ఇలా రాశాను: చూసినవారి రెండు చేతులూ ఖాళీ లేవు."