పొగమంచులో రాతిమిల్లు

మేముండే అరోరా ఊళ్లో నది ఒడ్డున ఓ పాత రాతిమిల్లు ఉంది. పొద్దున్నే మంచు కమ్మితే పైకప్పు తప్ప ఏమీ కనపడదు. దాన్ని ఆయిల్ రంగుల్లో వేసి, మా పెయింటింగ్ క్లాసు ప్రదర్శనలో పెట్టించాలని నా పంతం. ఆ గోడ మీద నా బొమ్మ ఉండి తీరాలి, అంతే.

మొదటిసారి తీసుకెళ్తే టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని, మిల్లు బాగుంది, మరి మంచు ఏది అని అడిగింది. ఇంటికొచ్చి పైన తెల్లరంగు పులిమాను. మిల్లుకి సున్నం కొట్టినట్టయింది. ఆవిడ మళ్లీ తల అడ్డంగా ఊపింది. నాకు ఒళ్లు మండిపోయింది. అంత ముచ్చటగా దిద్దిన కిటికీలని ఎలా వదులుకుంటాను? పట్టుచీర కట్టుకుంటే, ఎంత చలిలోనైనా పైన కోటు వేసుకోని రకాన్ని నేను.

ప్రదర్శన దగ్గర పడ్డాక ఓ శనివారం గరాజ్‌లో కొత్త కాన్వాస్ మీద మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ కిటికీలన్నీ వచ్చి కూర్చున్నాయి. మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి చూశారు.

"సూపర్‌గా ఉంది. అమ్మకానికి పెట్టిన ఇంటి లిస్టింగ్‌లో ఫొటోలా ఉంది, తెలుసా!"

పాపం, మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. ఆయన లోపలికి వెళ్లగానే రంగులు తుడిచే గుడ్డ తీసి, మొత్తం చెరిపేద్దామని పైనుంచి కిందికి ఒక్క రుద్దు రుద్దాను. ఆ గుడ్డ ఆయన లుంగీయే. ఉతికి ఉతికి దూదిలా మెత్తబడింది. చిరుగులు పడ్డా పారేయనివ్వకపోతే, చెప్పకుండా నేనే చింపాను.

నా చెయ్యి ఆగిపోయింది. పచ్చిరంగు మీద గుడ్డ జారిన చోట గోడ పోలేదు, వెనక్కి వెళ్లింది. కిటికీలు కరిగిపోయి, నది మీంచి మంచు లేచింది. ఈసారి తెలిసే, నెమ్మదిగా తుడిచాను. ఒక్క కిటికీని మాత్రం ఉంచుకున్నాను. గరాజ్‌లో ఒంటరిగా నిలబడి, "వచ్చేసింది!" అని గట్టిగా అరిచాను. అంత సంతోషం ఈమధ్య ఎప్పుడూ కలగలేదు.

ప్రదర్శనలో నా బొమ్మని తలుపుకి ఎదురుగా పెట్టారు. వచ్చినవాళ్లంతా దాని ముందే ఆగుతున్నారు. పట్టుచీరలో, కోటు లేకుండా, పక్కనే నిలబడ్డాను. టీచరమ్మ వచ్చి, ఈ మంచు ఏ బ్రష్‌తో వేశావని అడిగింది. అడుగుతుందని తెలుసు. ఉతికి మడతపెట్టి తెచ్చిన గుడ్డని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసి చూపించాను.

"ఇది నా బ్లూ గళ్ల లుంగీ కదే! ఇల్లంతా వెతికాను," అన్నారు నా వెనకే ఉన్న మా ఆయన.

"ఇంక వెతక్కండి. ఇది నా బ్రష్," అన్నాను.