పన్నెండో మెషిన్ తాళం

గొంతు ఆసుపత్రిలో అతన్ని అందరూ జాగ్రత్తయ్య అంటారు. అసలు పేరు జీతాల కాగితంలో ఉంటుంది. పందొమ్మిదేళ్లుగా అక్కడి కంప్యూటర్లు చూస్తున్నాడు. గది తలుపు వేశాక రెండుసార్లు లాగి చూస్తాడు. సగం మెట్లు దిగి, మళ్లీ ఎక్కి మూడోసారి లాగుతాడు.

"ఏదో ఒకరోజు ఆ తలుపు ఊడి నీ చేతికొస్తుంది, అప్పుడు తిక్క కుదురుతుంది నీకు," అంటుంది పెద్ద నర్సు.

అతనికి ఒక పద్ధతి ఉంది. ఆసుపత్రిలో ప్రతి కంప్యూటర్ డిస్కుకూ తాళం ఉంటుంది. మెషిన్‌లో ఏదైనా తేడా కనిపిస్తే ఆ తాళం బిగుసుకుపోయి, నలభై ఎనిమిది అంకెల తాళంచెవి అడుగుతుంది. ఆ అంకెలను అతను పుస్తకంలో రాయడు, పుస్తకం ఎవరి చేతికైనా చిక్కుతుంది. ఇంకో కంప్యూటర్‌లో దాచడు, దానికీ తాళమే. చిన్న కాగితం మీద రాసి మెషిన్ పక్క మూతకు లోపలి వైపు అంటిస్తాడు. మరలు విప్పితే గాని కనబడదు.

"దొంగ మెషిన్ ఎత్తుకుపోతే తాళంచెవి కూడా వాడితోనే పోతుంది కదండీ," అంది అతని భార్య ఒకసారి.

"దొంగకు మరలు విప్పే ఓపికుంటే దొంగతనానికెందుకొస్తాడు?" అన్నాడు అతను.

పన్నెండు మెషిన్లు. పన్నెండోది రికార్డింగ్ గదిలో ఉంది. స్వరపేటిక తీసేయబోతున్నవాళ్లు ఆపరేషన్‌కు ముందు ఆ గదిలో కూర్చుని తమ గొంతు వదిలి వెళతారు. గోడలకు మందపాటి స్పాంజి. ఒక కుర్చీ, ఒక మైకు. రోగుల గొంతులు ఆ గది దాటకూడదన్నది ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ నియమం. కోలుకున్నాక ఎవరికి వారు వచ్చి, సంతకం చేసి తమ కాపీ తీసుకెళతారు. అంతవరకు ఆ ఒక్క డిస్కులోనే.

వసంతం చివర్లో ఒక తల్లి వచ్చింది. ఇంట్లో మూడేళ్ల కూతురు. రెండు గంటలు కూర్చుంది. ఇచ్చిన మాటల పట్టిక చదివింది. పట్టిక అయిపోయాక కూతురి పేరు పిలిచింది. నిద్ర లేపుతున్నట్టు, కోప్పడుతున్నట్టు, దాక్కున్న పిల్లను వెతుకుతున్నట్టు. మైకు సరిచేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నది జాగ్రత్తయ్యే. మర్నాడు ఆమెకు ఆపరేషన్ అయింది.

ఆ నెలలోనే మెషిన్లు తయారుచేసిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ మేలుకోవడానికి ముందే మదర్‌బోర్డు ఒక పని చేస్తుంది. లేవబోతున్నది నమ్మదగినదేనా అని సంతకాలు చూస్తుంది. ఎవరి సంతకాన్ని నమ్మాలో చెప్పే సర్టిఫికెట్లు బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. వాటికి గడువు దగ్గరపడింది. పైన నడిచే సిస్టమ్‌కు అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి గాని, ఈ పాత బోర్డుల్లో సర్టిఫికెట్లకు ఆ దారి లేదు. ఒక్కో మెషిన్ దగ్గరా కూర్చుని, సిస్టమ్ లేవకముందే లోపలికి వెళ్లి, బోర్డును నడిపే ఫర్మ్‌వేర్‌తో పాటు చేత్తో మార్చాలి.

డాక్టరమ్మకు చెప్పాడు.

"మెషిన్లు బాగానే నడుస్తున్నాయి కదయ్యా?"

"నడుస్తున్నాయండీ. ఇది నడవకముందు సంగతి."

"నిద్ర లేవకముందే సర్టిఫికెట్లు చూపించాలా? మా అత్తగారిల్లు నయం."

"గడువు దాటితే కొత్త రక్షణలేవీ లోపలికి రావండీ."

"నువ్వు చెయ్యాలంటే చెయ్యి. నీకంటే జాగ్రత్త ఎవరికుంది?"

ఆసుపత్రికి సెలవున్న రోజు పొద్దున్నే మొదలుపెట్టాడు. కంపెనీ సూచనల్లో మూడో మెట్టు: సర్టిఫికెట్లు మార్చే ముందు డిస్కు తాళాన్ని కాసేపు పక్కన పెట్టండి. అది అతనికి నచ్చలేదు. తాళం తీసి ఉంచడం అతని ఒంటికి పడదు. చేతిలో అంకెలున్నాయి. మార్చాక తాళం అడుగుతుంది, కొడితే సరి.

పదకొండు మెషిన్లు అలాగే అడిగాయి. మూత విప్పి, కాగితం చూసి, నలభై ఎనిమిది అంకెలూ కొట్టాడు. పదకొండూ లేచాయి.

పన్నెండోది లేవలేదు.

మళ్లీ కొట్టాడు. వేలు పెట్టి ఒక్కో అంకె చదువుతూ కొట్టాడు. అంకెలు అతని చేతిరాతే. ఏడుకు అడ్డగీత గీసే అలవాటు అతనిదే. స్పాంజి గోడల మధ్య మీటల చప్పుడు కూడా సరిగా వినబడలేదు.

మూడోసారి తప్పని వచ్చాక మూతను వెలుతురుకు పట్టుకున్నాడు. కింది అంచున చిన్న సొట్ట. ఆ సొట్ట ముందు గదిలోని మెషిన్‌ది. కిందటి ఏడు దుమ్ము దులిపేటప్పుడు రెండింటి మూతలూ విప్పి ఒకే గోడకు ఆనించాడు. ఒకే కొలత, ఒకే రంగు. తిరిగి బిగించి, నాలుగేసి మరలూ గట్టిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూశాడు. ముందు గది మెషిన్ చలికాలంలో పాడైంది. దాని చోటికి కొత్తది వచ్చింది. పాతది, పన్నెండో మెషిన్ మూతతో, దాని లోపలి కాగితంతో సహా, పాత సామాన్ల కొట్టుకు పోయింది.

వెనక్కి, పాత సర్టిఫికెట్లకు మార్చి చూశాడు. పాతవి వచ్చాయి గాని తాళం కదలలేదు. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కినప్పుడే తాళాన్ని గుర్తుపట్టే చిప్ ఖాళీ అయిపోయింది. కంపెనీకి ఫోన్ చేశాడు.

"తాళంచెవి లేకపోతే ఇక లేనట్టే సార్," అంది అవతలి గొంతు మర్యాదగా. "అలా ఉండాలనే కదా తాళం పెట్టింది."

పాత సామాన్ల కొట్టాయన అతని మాట పూర్తిగా విన్నాడు.

"మూతా? అన్నా, ఇక్కడ ఇనుము ఇనుములోకి పోతుంది, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌లోకి పోతుంది. మీ మూత ఈపాటికి కరిగి ఎవరింటి గోడకో మేకై ఉంటుంది."

"ఒకసారి చూడనివ్వండి."

"చూడన్నా, కాదన్నానా?"

జాగ్రత్తయ్య మధ్యాహ్నం దాకా వెతికాడు. కొట్టాయన జాలిపడి ఒక మూత తెచ్చి చూపించాడు. "ఇదిగో, కొలత సరిపోతుంది. తీసుకుపో."

అతను దాన్ని తిప్పి లోపలి వైపు చూశాడు. ఏమీ లేదు.

ఇంట్లో భార్య కంచం ముందు పెట్టింది. అతను తినలేదు.

"రాసింది మీరేగా. కాస్త గుర్తు తెచ్చుకోండి."

"నలభై ఎనిమిది అంకెలు కదే."

"నా ఫోన్ నంబరే గుర్తుండదు మీకు," అంది. నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ సంతకాల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. గొంతు వదిలి వెళ్లినవాళ్లంతా కాపీలు తీసుకున్నారు. ఆ తల్లి సంతకం ఒక్కటే లేదు.

"నేను చెబుతాలే," అంది.

"వద్దండీ. చేసింది నేను."

గురువారం ఆ తల్లి తన అక్కతో వచ్చింది. మెడకు తెల్లని గుడ్డ. ఒళ్లో రాసుకునే చిన్న పలక. జాగ్రత్తయ్య నిలబడే చెప్పాడు. మూతల సంగతి కూడా చెప్పాడు. చెప్పకపోయినా గడిచిపోయేదని తెలిసీ చెప్పాడు.

అక్క లేచింది. "మీ జాగ్రత్త మండిపోను! ఆ పిల్ల రోజూ అడుగుతోందయ్యా, అమ్మ గొంతు ఎప్పుడు తెస్తారు పెద్దమ్మా అని. ఏం చెప్పమంటావు దానికి? మూత మారిందని చెప్పనా?"



చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పలక మీద రాసి అతని వైపు తిప్పింది.

మీరు విన్నారు కదా?

"విన్నానమ్మా. రెండు గంటలూ."

తుడిచి మళ్లీ రాసింది. ఎలా ఉండేది? పాప పెద్దయ్యాక అడుగుతుంది. ఎవరి గొంతు వాళ్లకు తెలియదు. అక్కనడిగితే బాగుండేదంటుంది, అంతే.

జాగ్రత్తయ్య కళ్లు మూసుకున్నాడు. కుర్చీ గుర్తొచ్చింది. తెర మీద లేచి పడే పచ్చగీత గుర్తొచ్చింది. అది ఎర్ర గీటు దాటకుండా చూసుకోవడం గుర్తొచ్చింది. ఆ రెండు గంటలూ అతను హెడ్‌ఫోన్లలో విన్నది గొంతు కోసం కాదు. గొంతు వెనక మెషిన్ హోరు పడుతోందేమోనని విన్నాడు.

ఆమె ఎదురుచూస్తోంది.

"హోరు లేదమ్మా," అన్నాడు. "ఎక్కడా లేదు. చాలా శుభ్రంగా వచ్చింది."

ఆమె పలక తుడిచి ఒళ్లో పెట్టుకుంది. అతను ఇంకేదైనా చెబుతాడేమోనని చూస్తూనే ఉంది.