బావిలోకి దిగిన మెకానిక్

1963 ఎండాకాలం. కరీంనగర్‌లో ఆయిల్ ఇంజిన్లు అమ్మే ఒక దుకాణంలో నేను సర్వీసు సూపర్‌వైజర్‌ని. ఇంజిన్ చెడిపోయిందని ఏ ఊరి నుంచి కబురొచ్చినా, ఒక మెకానిక్‌ను సామాన్ల పెట్టెతో బస్సెక్కించడం మా సేఠ్ పద్ధతి. మనిషి ఎప్పుడు తిరిగొస్తాడు, ఎక్కడ తింటాడు, ఎక్కడ పడుకుంటాడు అన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. నేను అడిగితే, వాళ్లేమన్నా చిన్నపిల్లలా అనేవాడు.

ఆ రోజు సిరిసిల్ల దారిలో ఉన్న ఒక పల్లెకు మల్లేశం వెళ్లాలి. ఇంజిన్ ఇంకా గ్యారంటీలోనే ఉంది కాబట్టి కంపెనీకి రిపోర్టు పంపాలి. అందుకని నేనూ బయల్దేరాను. మల్లేశం మంచి పనిమంతుడు, మాటకారి. దారిపొడవునా తన పెళ్లి చూపుల ముచ్చట్లు చెప్పి నన్ను నవ్వించాడు.

రైతు లింగారెడ్డి వరి పొట్టమీద ఉంది, మళ్లు నెర్రెలు బారుతున్నాయి. మరీ లోతు నుంచి నీటిని పీల్చడం పంపు వల్ల కాదు. అందుకే ఎండాకాలంలో నీళ్లు అడుగంటితే, బావి గోడను అరుగులా తొలిచి ఇంజిన్‌నూ పంపునూ అక్కడికి దించుతారు. అలా దించినప్పుడు ఎగ్జాస్ట్ పైపును, అంటే పొగ గొట్టాన్ని, బావి గట్టు దాటించి పైకి తేవాలి. లింగారెడ్డి గొట్టం సగంలోనే ఆగిపోయింది. మిగతా ముక్క తెప్పిస్తున్నానన్నాడు. అది వచ్చేదాకా ఇంజిన్ నడపొద్దని అతనికి గట్టిగా చెప్పాను. మల్లేశంతో, రిపేరు చేసి ఒక్కసారి స్టార్టు చేసి చూసి, వెంటనే పైకి వచ్చెయ్యమన్నాను. మోట తాడు తెప్పించి నడుముకు కట్టించి, రెండో కొసను గట్టు మీద ఇద్దరు జీతగాళ్లకు పట్టించాను. ఎద్దును దించినట్టు దించుతున్నరు సార్ అని నవ్వుకుంటూ దిగాడు.

ఇంజిన్ అందుకుంది. కాలువలో నీళ్లు పడగానే లింగారెడ్డి ముఖం వికసించింది. కానీ ఇంజిన్ మళ్లీ దగ్గసాగింది. పైకి రమ్మని మల్లేశాన్ని పిలిచాను. ఇదొక్కటి సరిజేసి వస్తానన్నాడు. పొగ పైకి లేవడం లేదని, బావిలోనే సుళ్లు తిరుగుతోందని అప్పుడే గమనించి మళ్లీ కేకేశాను.

"తల్కాయ తిరుగుతుంది సార్," అన్నాడు. మెల్లగా గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు.

తాడు పట్టుకున్నవాళ్లు లాగబోయారు. ఆపాను. అతనికీ మెట్లకూ మధ్య ఫ్లైవీల్ తిరుగుతోంది. అది ఇంజిన్ పక్కన ఉండే బరువైన ఇనప చక్రం, లాగితే మనిషి నేరుగా దానిమీద పడతాడు. ఇంతలో లింగారెడ్డి తమ్ముడు మెట్లు దిగబోతుంటే రెక్క పట్టుకుని వెనక్కి గుంజాను.

"మనిషి సచ్చిపోతుండు. సూస్కుంట నిలబడాల్నా?" అన్నాడు కోపంగా.

"నువ్వు దిగితే ఇద్దరు పోతరు," అన్నాను.

అదృష్టం కొద్దీ డీజిల్ డబ్బా పై మెట్టు మీద ఉంది. అక్కడి నుంచి రబ్బరు గొట్టం కిందికి వెళ్లింది. దాన్ని మడిచి బిగించి పట్టుకున్నాను. ఇంజిన్ ఆగలేదు. ఫిల్టరులో మిగిలిన నూనె అయిపోయేదాకా ఆగదని తెలిసినా గొట్టాన్ని ఇంకా గట్టిగా నులిమాను. జీవితంలో నేను అంతగా భయపడింది ఎన్నడూ లేదు. కాలువలో నీళ్లు మాత్రం హాయిగా పారుతున్నాయి. లింగారెడ్డి వాటి వంక చూడనైనా చూడకుండా వేప కొమ్మలు విరిచి, కట్టగా తాడుకు కట్టి, గాలి ఆడేలా బావిలో పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుతున్నాడో తెలియదు.

ఇంజిన్ రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగింది. నలుగురూ కలిసి లాగారు. మల్లేశం భుజం చెక్కుకుపోయింది, ఒళ్లు తోటకూర కాడలా వేలాడుతోంది. చెట్టు నీడన పడుకోబెట్టి చొక్కా విప్పేశాం. కాసేపటికి పెద్దగా ఊపిరి తీసి వాంతి చేసుకున్నాడు. లింగారెడ్డి తమ్ముడు నా పక్కనే కూర్చుని బావురుమన్నాడు.

బండిలో సడక్ దాకా, అక్కణ్ణుంచి లారీలో కరీంనగర్ దవాఖానకు చేర్చాం. డాక్టరు గండం గడిచిందన్నాక దుకాణానికి వెళ్లి సేఠ్‌కు జరిగింది చెప్పాను. సేఠ్ నొచ్చుకున్నాడు. కానీ, "మనం పంపింది ఇంజిన్ కాడికి. బావిల దిగుమని మనమన్నమా?" అన్నాడు. ఇంజిన్ బావిలో ఉంటే మనిషి గట్టు మీద కూర్చుని బాగుచేస్తాడా అని నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచేలోపు మల్లేశం తల్లి దుకాణం మెట్లెక్కింది. కొడుకును చూసి నేరుగా దవాఖాన నుంచే వచ్చింది. ఏడవలేదు. సేఠ్ ముందు నిలబడింది.

"గా ఊరు నాకెర్క లేదు, గా పటేలు నాకెర్క లేదు. నేను సద్దిగట్టి మీ దుకాన్లకు పంపిన. మీరు ఏడికి పంపితిరో, గాడికెల్లి మీరే తీస్కరావాలె."

ఆ తర్వాత మా దుకాణం నుంచి ఏ మెకానిక్కూ ఒంటరిగా బావి దగ్గరికి వెళ్లలేదు. పొగ గొట్టం గట్టు దాటితేనే మనిషిని పంపుతామని సేఠే రైతులకు చెప్పేవాడు. కొందరు గొణుక్కుని వేరే దుకాణానికి వెళ్లారు, వెళ్లనిచ్చాం.

నా మటుకు నాకు ఆ రోజు ఇంకా మింగుడుపడదు. రిపోర్టు పని లేకపోతే మల్లేశం ఒక్కడే వెళ్లేవాడు. అతని నడుముకు తాడు ఉండేది కాదు. తర్వాత నేను మరో రెండు చోట్ల పనిచేశాను. చేరేముందు జీతం కంటే ముందు ఒక మాట అడిగేవాణ్ణి: మీరు ఊరికి పంపిన మనిషి సాయంత్రానికి తిరిగి రాకపోతే, వెతకడానికి ఎవరు వెళ్తారు? ఫలానా మనిషి అని చెప్పలేని చోట నేను చేరలేదు.