బాపు గీసిన ఆబిడ్స్ చౌరస్తా

మొన్న పొద్దున చాయ్ తాగుతుండగా నా ఫోనుకు ట్రాఫిక్ పోలీసుల నుంచి ఒక సందేశం వచ్చింది. తెరిచి చూస్తే నా స్కూటరు ఫొటో. నాంపల్లి సిగ్నల్ దగ్గర ముందు చక్రం తెల్లగీత దాటి ఉంది, బండి మీద హెల్మెట్ పెట్టుకుని వీపు వంచి కూర్చున్నది నేనే. వెనక మోగుతున్న అంబులెన్సుకు దారి ఇవ్వడానికి నేను నాలుగడుగులు ముందుకు జరిగిన సంగతి ఆ ఫొటోలో ఎక్కడా లేదు. ఆ మాటే మా చిన్నమ్మాయితో చెప్పబోతే, తను నా చేతిలోని ఫోను తీసుకుని, "ఎవరికి చెప్తవ్ నాన్నా, కట్టేస్తే పోతది" అంటూ రెండు నిమిషాల్లో జరిమానా కట్టేసి ఆఫీసుకు వెళ్ళిపోయింది. తనను తప్పు పట్టను. కానీ ఆ పూటంతా నాకు మా బాపు, అంటే మా నాన్న, గుర్తుకొస్తూనే ఉన్నాడు.

అప్పట్లో మేము గన్‌ఫౌండ్రీ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. బాపు సర్కారు బడిలో లెక్కల పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఉర్దూలో చదువుకుని తెలుగులో పాఠాలు చెప్పినవాడు కాబట్టి చివరిదాకా కూడికలు మనసులో ఉర్దూలోనే చేసుకునేవాడు. లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి ఒక్క మాట అనేవాడు కాదు గానీ, పక్కవాడిది చూసి సరైన జవాబు రాసినవాణ్ణి మాత్రం ఊరికే వదిలేవాడు కాదు. నేను ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగా కొత్తగా చేరాను, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. మా మేనమామ తాను వాడిన మోటారు సైకిల్‌ను నాకిచ్చాడు. అది ఇంటికి వచ్చిన రోజు నుంచి బాపుకు కొత్త సరదా పట్టుకుంది. నాలుగడుగులు నడిస్తే వచ్చే దుకాణానికి కూడా "బండి తియ్యరా, జర గట్లా పోయొద్దాం" అనేవాడు. వెనక సీటు మీద ఎక్కి రెండు చేతులూ నా భుజాల మీద వేసి, బరాత్‌లో గుర్రమెక్కిన పెళ్ళికొడుకులా నిటారుగా కూర్చునేవాడు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచిన పాత పుస్తకాల ముందు మేమిద్దరం గంటలు గంటలు గడిపిన సంగతి, నా ఈడు వాళ్ళలో ఆ పుస్తకాల మధ్య తిరిగినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఒక సాయంత్రం బాపు కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి బయలుదేరాం. ఆబిడ్స్ చౌరస్తాలో సిగ్నల్ లైట్లు పనిచేయడం లేదు. నడుమ నిలబడిన కానిస్టేబుల్ చేత్తో బండ్లను పంపిస్తున్నాడు. ఆయన మా వైపు చెయ్యి ఊపితేనే కదిలాను. సగం దాటేసరికి అవతలి ఒడ్డున ఉన్న ఇంకొక పోలీసాయన విజిల్ వేసి బండిని పక్కకు లాగించాడు. సిగ్నల్ దాటి వచ్చానట. లైటే లేదని నేను, చెయ్యి చూపిస్తేనే వచ్చామని బాపు చెప్పబోయాం. "ఓ ముసలాయనా, నువ్వు నడుమల మాట్లాడకు" అన్నాడాయన. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషిని ఎవరైనా అట్లా అనగా నేను వినడం అదే మొదటిసారి. నడుమ నిలబడినాయన మాత్రం మా వైపు తిరిగి చూడనే లేదు.

"ఏదో చూస్కోని పోన్రి, లేకుంటే కోర్టుల సుట్టు తిరుగుతరు" అని ఆ పోలీసాయన గొంతు తగ్గించి అన్నాడు. నా చెయ్యి జేబులోకి పోయింది. భుజం మీద బాపు చెయ్యి గట్టిగా పడింది.

"మా తప్పు లేదు. కాయిదం రాయిన్రి. కోర్టులనే చెప్తం."

ఆయన నా లైసెన్సు తీసుకుని ఒక చీటీ చేతిలో పెట్టాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ కోర్టు మాట విని బెంబేలు పడితే, నిజం చెప్పేటోనికి ఫికర్ ఎందుకని బాపు నవ్వాడు.

మర్నాడు బాపు ఒక్కడే నడుచుకుంటూ చౌరస్తాకు వెళ్ళి వచ్చాడు. ఆ తరువాత ఇంకో రెండుసార్లు కూడా వెళ్ళాడు. వచ్చాక తెల్లకాగితం మీద స్కేలు పెట్టి, పెన్సిలుతో ఆ చౌరస్తా అంతా గీశాడు. చెయ్యి ఊపిన కానిస్టేబుల్ నిలబడ్డ చోటు, మా బండి ఆగిన చోటు, చెడిపోయిన లైటు, మేము దాటిన దారి, అన్నీ బాణం గుర్తులతో చూపించి, ఎన్ని అడుగుల దూరమో నడిచి లెక్కపెట్టుకుని పక్కన రాశాడు. బడిలో ఆయన నల్లబల్ల మీద వేసే బొమ్మల్లాగే అదీ ముద్దుగా ఉంది.

నాంపల్లి కోర్టుకు మొదటిసారి పోయిన రోజు మా కాగితాలే ఇంకా రాలేదన్నారు. రెండోసారి మెజిస్ట్రేటు గారు సెలవులో ఉన్నారు. మూడోసారి సాయంత్రం దాకా కూర్చోబెట్టి ఇంకో తారీఖు ఇచ్చారు. ప్రతిసారీ బాపు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, ఆ కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని, సాక్ష్యం చెప్పడానికి నా వెంట వచ్చాడు. వరండాలో పక్కన కూర్చున్నవాళ్ళకు ఓపిగ్గా ఆ బొమ్మ విప్పి చూపించేవాడు. వాళ్ళు తలలూపేవాళ్ళు. నేను మాత్రం గడియారం చూసుకునేవాణ్ణి. ఇంకొక్క రోజు సెలవు పెడితే పర్మనెంట్ సంగతి మరిచిపొమ్మని మా మేనేజరు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

నాలుగోసారి నా పేరు పిలిచారు. బాపును గుమ్మం దగ్గరే ఆపేశారు. లోపల బల్ల దగ్గరి గుమాస్తా నా చెవిలో, "ఒప్పుకుంటే ఇప్పుడే అయిపోతది. కాదంటే ఇంకో తారీఖు పడ్తది, ఆలోచించుకో" అన్నాడు. మెజిస్ట్రేటు గారు తల ఎత్తకుండానే తప్పు ఒప్పుకుంటున్నావా అని అడిగారు.

"ఔ సార్" అన్నాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు. అప్పటికే ఆ కాగితాన్ని అట్టల్లోంచి బయటికి తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. నన్ను చూసి దాన్ని మెల్లగా మడతపెట్టాడు.

జరిమానా కట్టి, లైసెన్సు తీసుకుని బయటికి వచ్చేసరికి బాపు గేటు దగ్గర ఉన్నాడు. మేనేజరు అన్న మాట అప్పుడు చెప్పాను. "ముందుగాల చెప్తే అయిపోతుండె గదరా" అన్నాడు, అంతే. బండి ఎక్కమంటే, "నువ్వు పో, ఆఫీసుకు ఆలస్యమైతది. నేను నడుసుకుంట పోత" అని ముందుకు సాగాడు.

ఎంతకూ స్టార్టు కాని బండిని పావుగంట తన్ని తన్ని బయలుదేరాను. ఆఫీసుకు ఆబిడ్స్ మీదుగానే పోవాలి. చౌరస్తాకు వచ్చేసరికి ఫుట్‌పాత్ అంచున బాపు కనిపించాడు. నడుమ నిలబడిన పోలీసు చేతినే చూస్తున్నాడు. నేను ఆగాలనుకున్నాను. అంతలో ఆ చెయ్యి మా వైపు ఊగింది, వెనక హారన్లు మోగాయి, నేను దాటి వెళ్ళిపోయాను. బాపు నన్ను చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తే అమ్మ పాయసం చేసి పెట్టింది. మన తప్పేం లేదని కోర్టులో తేలిందని బాపు ఆమెతో చెప్పాడట. నేనెరిగినంతలో జీవితంలో ఒక్క అబద్ధం ఆడని మనిషి ఆయన. నేను తల వంచుకుని పాయసం తిన్నాను. బాపు మళ్ళీ నా బండి ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులు, నడిస్తేనే మంచిదని డాక్టరు చెప్పాడని అనేవాడు. కొన్నేళ్ళకు ఆయన పోయినప్పుడు, పరామర్శకు వచ్చిన చుట్టాలందరితో అమ్మ, ఆయన కోర్టుదాకా పోయి గెలిచి వచ్చిండని చెప్పుకుని ఏడ్చింది. అప్పుడూ నేను నోరు విప్పలేదు. అమ్మ కూడా ఆ మాట నమ్మే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరికీ కోర్టుల చుట్టూ తిరిగే బాధ లేదు, సెలవులు పోవు, ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడే పనీ లేదు. అది మంచిదే, కాదనను. తప్పు ఒప్పుకుంటున్నావా అని అడిగేవాళ్ళు కూడా లేరు. ఆ రోజు నన్ను అడిగారు. వినడానికి గుమ్మం దగ్గర ఒక మనిషి కూడా ఉన్నాడు.