ఖాదర్ పుస్తకంల ఉన్న తప్పు నాది

నిన్న పొద్దుగాల ఫోన్ మోగింది. షాహీన్. మా ఖాదర్ బిడ్డ.

"కాకా, అబ్బా లేడు" అన్నది.

ఎటు పోయిండు బిడ్డా అని అడిగిన.

నిజంగనే అట్ల అడిగిన. నాకు సమజ్ గాలే.

నమాజుకు లేచిండట. కాళ్లు చేతులు కడుక్కొని కుర్చీల కూసున్నడట. అంతే. హార్ట్ అటాక్ అన్నరట డాక్టర్.

ఖాదర్, నేను మా ఊరి బడిల ఏడో తరగతి దాక ఒక్క చాప మీద కూసున్నోళ్లం. నేను ఆడనే ఆగిపోయి ఎవుసం చేసిన. వాడు ఎల్లారెడ్డి బడికి పోయిండు. ఆడికెల్లి కామారెడ్డిల యూనివర్సిటీ కాలేజికి పోయిండు. డిగ్రీ అయినంక సర్వే ఆఫీసుల నౌకరి. రిటైరై ఎల్లారెడ్డిలనే ఉంటుండె.

ఈమధ్య ఒక బుక్ రాసిండు. మా దిక్కు పొలాల పేర్ల మీద. కాగితంల పొలానికి నంబరే ఉంటది, పేరుండది. ముసలోళ్లు పోతే పేర్లు గూడ పోతయని వాడి రంది.

వచ్చే వారం కాలేజిల ఫంక్షన్ ఉంది. ఆడ చదువుకున్నోళ్లు రాసిన కొత్త పుస్తకాలు టేబుల్ మీద పెడ్తరు. ఈసారి ఐదట. ఒకామె కథలు రాసింది, ఒకాయన బిచ్కుంద దిక్కు పాడే మరాఠీ పాటలు రాసిండు. అండ్ల మా ఖాదర్‌ది ఒకటి. పిలుపు కార్డు మీద "మన కాలేజి పిల్లల పుస్తకాలు" అని కొట్టిచ్చిండ్రు.

"చూడ్రా లింగా, డెబ్బై ఏండ్లకు పిల్లగాణ్ణి అయిన" అని ఒకటే నవ్వు.

ఆ పుస్తకంల ఒక తప్పుంది.

అది నాది. ఇయ్యాల చెప్పకపోతే నాకు అన్నం బుక్క దిగది.

రెండేండ్ల కింద నోట్‌బుక్ పట్టుకొని మా ఊరికొచ్చిండు. పొలం పొలం తిరిగి రాసుకున్నడు. తొవ్వ పక్క నా మడి కాడ ఆగి "దీని పేరేందిరా?" అన్నడు.

దానికి పేరు లేదు. అందరి పొలాలకు ఉంది, నాదానికి లేదు. సిగ్గయింది.

ఆ పొద్దు మా ఇంటామె లచ్చవ్వ నా మీద అలిగింది. అంగడికి తోల్కపోత అని చెప్పి నేను మరిచిపోయిన. అన్నం తినక ఆ మడి గట్టు మీదనే కూసున్నది. అదే నా నోట్లకు వచ్చింది.

"అలుగుడు మడి" అన్న.

ఖాదర్ ముఖం వెలిగింది. "అరె వా! అంటే ఈడ అలుగు ఉండెనన్నట్టు. ఎన్కట చెరువు ఉండెనన్నట్టు!"

చెరువు నిండితే నీళ్లు దుంకే జాగను అలుగు అంటం. వాడు అది అనుకున్నడు. నేనన్నది మా ఇంటామె అలుక.

ముందుగాల నవ్వొచ్చింది. అటెన్క వాని సంబురం చూసి ఉన్న మాట చెప్పలే.

ఆ ఎండకాలమంత వాడు ఆ చెరువు కోసం తిరిగిండు. నెత్తికి తువ్వాల, చేతుల కట్టె. ఒకనాడు ఒక దిబ్బ చూపించి "ఇదేరా కట్ట" అన్నడు. అది కాలువ తవ్వినప్పుడు పోసిన మన్ను. నేను పక్కనే నిలవడ్డ.

ఊ అన్న.

పోయిన నెల పుస్తకం వచ్చింది. రెండు పేజీలు ఆ చెరువు మీదనే. ఇంట్ల చదివి వినిపిస్తే లచ్చవ్వ నోట్ల కొంగు పెట్టుకున్నది.

"నేనొక్క పూట అలిగితే చెరువే పుట్టిచ్చినవా ఓ ముసలోడా! పోయి చెప్పు. పెద్ద పెద్ద సార్లు చదువుతరు. ఖాదరన్న ఇజ్జత్ పోతది."

మొన్న శుక్రవారం చెప్పుదామనే పోయిన. నమాజు నుంచి వచ్చి కూసున్నడు. చాయ్ పోయిచ్చిండు. ఆ పేజీ తీసి వేలు పెట్టిండు.

"చెప్పినవారు: లింగయ్య, రైతు" అని ఉంది.

అడుగున చిన్న అక్షరాలు, ఇంట్ల చదివినప్పుడు చూడలే. పుస్తకంల నా పేరు చూసుకునుడు అదే మొదలు. వాడు నా ముఖంలకే చూస్తున్నడు, నేను సంబురపడ్తనా లేదా అని.

చాయ్ తాగి వచ్చిన.

నిన్న మధ్యాహ్నం నమాజు అయినంక మట్టి చేసిండ్రు. నేను గూడ మూడు పిడికిళ్లు వేసిన.

మళ్ల ఇంటికి పోయి షాహీన్‌కు అంత చెప్పిన. అంత ఏడ్పుల గూడ పిల్లకు నవ్వొచ్చింది. నవ్వుకుంటనే మళ్ల ఏడ్చింది.

పోనీ తియ్ కాకా అంటదనుకున్న.

అనలే.

"అబ్బా తప్పు కనవడితే ఉంచకపోతుండె. కాలేజిల ఆయన జాగల నువ్వు నిలవడు కాకా. నువ్వే చెప్పు."

నలుగురి ముందర మాట్లాడిన మనిషిని గాను. పెండ్లిల గూడ ఎనక కుర్చీల కూసుంట.

పోత. మైక్ పట్టుకొని, అది చెరువు గాదు సారూ, మా ఇంటామె అలుక అని చెప్త. నవ్వితే నన్ను చూసి నవ్వుండ్రి. ఖాదర్‌ను చూసి నవ్వకుండ్రి. మిగిలిన పేర్లన్ని నిజం. కాళ్లు అరిగేటట్టు తిరిగి రాసిండు. దొరికితే చదువుండ్రి.

ఖాదర్, ఇంతమందికి చెప్తున్న. నీకొక్కనికి చెప్పలేకపోయిన.

లేని చెరువు కోసం నిన్ను ఎండల తిప్పిన. మాఫ్ చెయ్యిరా.

పోయిన కాడ అల్లా నీకు సల్లని నీడ ఇయ్యాలె.